మంద దింపే మాట

ఈ ఎండాకాలం నేను హిమాలయాలకు పోయి వచ్చాను. పోయి వచ్చాననడం కంటే తీసుకుపోయి తెచ్చారనడం నిజం. అమీన్‌పూర్‌లో మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండే రిటైర్డ్ టీచర్లం కొందరం కలిసి, ఒక ట్రావెల్స్ అబ్బాయికి మా ముసలి ఒళ్లను అప్పగించి గుళ్ల యాత్ర పెట్టుకున్నాం. రైలు, బస్సు, జీపు, మళ్లీ బస్సు. ఎక్కడ దిగినా ఉప్మా, ఎక్కడ ఎక్కినా భజన. చివరి గుడి దగ్గరికి వచ్చేసరికి నా మోకాళ్లు ఇక తమ వల్ల కాదని తేల్చి చెప్పాయి. మిగతావాళ్లు గుర్రాలు మాట్లాడుకుని పైకి పోయారు. నేను దారి పక్కన టీ కొట్టు ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. దేవుడు అంత ఎత్తుకు పోయి కూర్చుంటే నేనేం చేయను? కిందినుంచే ఒక దండం పెట్టుకుని, చీర కొంగు మీదుగా శాలువా తలకు కప్పుకుని కళ్లు మూసుకున్నాను. ఆ యాత్ర మొత్తంలో నాకు హాయిగా అనిపించింది ఆ కుర్చీ ఒక్కటే.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా పచ్చిక. చెట్లు ఆగిపోయిన చోట మొదలై మంచు ఉన్న చోటి దాకా పోయే పచ్చిక అది. అక్కడక్కడా మంచు ముద్దలు కరుగుతున్నాయి. వాటి కింది నుంచి నీళ్లు సన్నగా పారుతున్నాయి, ఆ నీళ్ల వెంట వేలెడంత పూలు. ఎవరివో గొర్రెలు మేస్తున్నాయి. వాటి కాళ్ల సందున ఒక పిట్ట పరుగెత్తుతూ కనిపించింది. తెల్లటి మొఖం, గొంతు కింద నల్లటి మచ్చ, బూడిద రంగు వీపు, కుదురుగా ఉండని పొడుగాటి తోక. నాలుగడుగులు ఉరికి, ఆగి, తోక ఊపి, మళ్లీ ఉరుకుతోంది. పుస్తకాల్లో దాన్ని కాటుక పిట్ట అంటారు. ఆ పేరు నాకు బాగా తెలుసు, బడిలో పిల్లలకు చెప్పాను కూడా. కానీ అప్పుడు నా నోటికి పిట్ట పేరు రాలేదు. ‘చిన్నవ్వా’ అన్నాను. ఆమె పోయి ఎన్నేళ్లయిందో ఒక్కసారిగా గుర్తుకొచ్చి, చేతిలో టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

గొర్రెల కాపరి టీ తాగడానికి వచ్చి పక్కనే బండ మీద కూర్చున్నాడు. వయసులో నాకంటే పెద్దే. నాది పటాన్‌చెరు బస్టాండు హిందీ, అతనిది కొండల హిందీ, అయినా మాట కలిసింది. ఆ పిట్ట ఇక్కడిదేనా అని అడిగాను. ఎండాకాలం ఇక్కడిదే అన్నాడు. మంచు కరగడం మొదలయ్యాక ముందుగా మట్టి రంగు పిట్టలు వస్తాయట, వాటి వెనక ఈ తోక ఊపేవి, ఆ తరువాత ఎర్ర ఛాతీ పిచ్చుకలు. పసుపు ముక్కు కాకులు మాత్రం ఎప్పుడూ ఉంటాయట. వచ్చినవన్నీ ఇక్కడే గూళ్లు పెట్టి పిల్లల్ని లేపుకుంటాయి. భాదో నెల, అంటే మన భాద్రపదం, వచ్చిందంటే తోక ఊపేవి పలచబడతాయి. అవి పలచబడితే తాము కూడా గొర్రెల్ని దించే పని చూసుకుంటామని, చలి సంగతి వాటికి ముందే తెలుస్తుందని చెప్పాడు. మరి చలికాలం ఇక్కడ ఏ పిట్టలుంటాయని అడిగితే, నేనుంటే కదా తెలిసేది అన్నాడు. తోక ఊపేవి ఎక్కడికి పోతాయని అడిగాను. అతను టీ గ్లాసు పట్టుకున్న చేతిని లోయ వైపు, దక్షిణం వైపు ఊపి, కిందికి అన్నాడు.

ఆ కింద ఎక్కడో మా గుట్ట ఉంది. అతను మంద దించే గుర్తుతోనే మేమూ మంద దించేవాళ్లం. అతనికి పిట్ట పోవడం గుర్తు, మాకు పిట్ట రావడం గుర్తు. ఆ మాట అతనికి చెప్పబోయి, చిన్నవ్వ కథంతా హిందీలో చెప్పే ఓపిక లేక మానుకున్నాను. ఇంటికి వచ్చాక, అలసట తీరక ముందే, తెలుగులో రాసుకుంటున్నాను.

మా ఊరు పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య, పెద్ద రోడ్డుకు లోపలగా ఉండేది. ఊరి వెనక గుట్ట. పైన చదునుగా, బండలూ గడ్డీ తంగేడు పొదలూ ఉన్న గుట్ట అది. ఆ పై భాగాన్ని కంచె అనేవాళ్లం. ఊరందరి పశువులకూ మేత అక్కడే. వానాకాలం కింద చేలల్లో పైర్లు ఉంటాయి, నల్లరేగడి నాని ముద్దగా ఉంటుంది. అప్పుడు పశువులు కింద తిరిగితే పైరు పోతుంది, గిట్టలు నాని పుండ్లు పడతాయి, జలగ రోగం కూడా పట్టుకుంటుంది. అందుకని తొలకరి పడగానే, పాడి పశువుల్ని ఇంటి దగ్గర ఉంచుకుని మిగతా మందనంతా గుట్ట ఎక్కించేవాళ్లు. పైన రాళ్లు పేర్చి కట్టిన దొడ్డి, వాన నీళ్లు నిలిచే చిన్న కుంట ఉండేవి. మగవాళ్లు వంతులవారీగా అక్కడే పడుకునేవాళ్లు. పైన గడ్డి ముదిరి ముల్లు కట్టే వేళకు, కింద పెసర్లూ మక్కలూ అయిపోయి చేలు ఖాళీ అయ్యే వేళకు మంద దిగాలి. తొందరపడితే బురద. ఆలస్యమైతే పైన గడ్డీ ఉండదు, కుంటలో నీళ్లూ ఉండవు. ఆ రోజు ఎప్పుడో చెప్పే పని మా చిన్నవ్వది.

చిన్నవ్వ మా తాత తమ్ముడి భార్య. పెండ్లయిన కొత్తలోనే ఆయన పోయాడు, పిల్లల్లేరు. పుట్టింటికి తిరిగి పోలేదో, వాళ్లు రమ్మనలేదో నాకు తెలియదు. నాయినకు చిన్నమ్మ, నాకు చిన్నవ్వ. అందరికంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, మగవాళ్లు పని మీద బయలుదేరే వేళకు పశువుల కొట్టం వెనక్కి పోయేది, ఎవరికీ ఎదురు పడకుండా. పెండ్లిళ్లకు పోతే వంటల దగ్గర ఉండిపోయేది. అట్లా ఉండమని మా ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అట్లా ఉండొద్దని చెప్పగానూ వినలేదు. అందరూ తిన్నాక, కుండ అడుగున మిగిలిన జొన్న గట్కలో పచ్చిపులుసు పోసుకుని పొయ్యి పక్కన కూర్చుని తినేది. ఆమె కొంగు పేడ, పొగ, పొగాకు కలిసిన వాసన వేసేది. మాట తక్కువ, కానీ అన్న మాటలో కారం ఉండేది. అమ్మ కూరలో ఉప్పు మరిచిపోతే అందరూ ఉప్పు లేదని గొణిగేవాళ్లు. చిన్నవ్వ మాత్రం, కూర మంచిగున్నది, ఉప్పు రేపటి కూరల ఏస్తవా అని అడిగేది. అమ్మకు నవ్వు ఆగేది కాదు. వాళ్లిద్దరికీ పడేది, అంతవరకు ఆమె అదృష్టవంతురాలు.

బడి లేని రోజుల్లో, మంద దగ్గర ఉన్నవాళ్లకు సద్ది మూట పట్టుకుని నేనూ ఆమే గుట్ట ఎక్కేవాళ్లం. దారంతా ఆమె చూపు నేల మీదా ఆకాశం మీదా తప్ప నా మీద ఉండేది కాదు. తొలకరికి కంచె మీద మొదట వినబడేది మట్టి రంగు పిట్ట ఈల. నిట్టనిలువున ఎగిరి, పైన రెక్కలాడిస్తూ ఈల వేసి, రాయి విసిరినట్టు కిందికి పడేది. గడ్డి మోకాలెత్తు పెరిగేసరికి పూరేళ్లు కాళ్ల కింది నుంచి భుర్రుమని లేచి గుండె ఆగినంత పని చేసేవి. బర్రెల వీపు మీద చీలిన తోక నల్లపిట్ట, పసులపోలిగాడు, ఎక్కి కూర్చుని, వచ్చేపోయే పిట్టలందరి మీదా పెత్తనం చేసేవాడు. కొంగలు కూలికి వచ్చినట్టు పశువుల వెంట వరుసగా నడిచేవి. వానలు వెనకపట్టే వేళకు కొన్నాళ్లు కంచె మీద చప్పుడే ఉండేది కాదు. ఉన్నవాళ్లు పిల్లల్ని లేపుకుని నోరు మూసుకున్నారని, రావలసినవాళ్లు ఇంకా తొవ్వలో ఉన్నారని చిన్నవ్వ అనేది. ఆ నిశ్శబ్దం నాకు భయంగా ఉండేది, ఆమెకు మాత్రం చెవులు నిక్కబొడుచుకునే కాలం అది.

అప్పుడు పెత్రమాసకు, అంటే పెద్దలకు బియ్యమిచ్చే భాద్రపద అమావాస్యకు, అటూ ఇటూగా వచ్చేవి పై పిట్టలు. ముందుగా కాటుక పిట్ట. దాని తరువాత, నేలకు జానెడెత్తున తేలిపోతూ గడ్డిని వెదికే సన్నపాటి గద్దలు. జొన్న పాలు పోసుకునే వేళకు మబ్బు దిగినట్టు వాలే గులాబీ రంగు గోరింకలు, వాటిని తరమడానికి మంచెల మీద మా అరుపులు. చెరువులోకి బాతులు. ఎండలు ముదిరేసరికి వచ్చినవన్నీ ఎట్లా వచ్చాయో అట్లాగే పోయేవి. చివరికి తీతువు ఒక్కటే రాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని, అటు పోయిన ప్రతివాణ్నీ తిడుతూ మిగిలేది. కాటుక పిట్టల్లో ఏడాది పొడుగునా మా ఊళ్లోనే ఉండేది ఇంకొకటి ఉంది. నల్లటిది, కంటి మీద తెల్ల గీత ఉంటుంది. అది లెక్కలోకి రాదు. మొఖమంతా తెల్లగా ఉన్నదే పై నుంచి వచ్చింది. పై నుంచి అంటే ఎక్కడినుంచి అని అడిగితే ఆమె ఆకాశం చూపించేది. మరీ అడిగితే, నీ బడిపంతులును అడుగు అనేది. మా పంతులుకు కూడా తెలియదు.

పెత్రమాస దాటిందంటే చిన్నవ్వ రోజూ పొద్దున్నే చెరువు వెనక తడినేల దాకా పోయి చూసి వచ్చేది. తెల్ల మొఖం పిట్ట వచ్చినంత మాత్రాన చాలదు, అది ఆ రేగడి మీద ఉరకాలి. దాని సన్నని కాళ్లకు బురద అంటకుండా ఉరుకుతుందంటే నేల గట్టిపడినట్టు, పశువు గిట్ట నానదు. అదీ ఆమె లెక్క. ఆమె తిరిగి వచ్చే వేళకు నాయిన వాకిట్లో ఉండేవాడు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆమెను ఏదీ అడగని నాయిన, అమ్మను కూడా పెద్దగా అడగని నాయిన, ఆమె ముందర నిలబడి, చిన్నమ్మా దింపాల్నా అని అడిగేవాడు. ఇంకా రాలే బిడ్డా అంటే తిరిగి పోయేవాడు. ఆ తరువాత ఊరివాళ్లు కూడా ఒకరిద్దరు, మీ చిన్నవ్వ ఏమన్నదని నన్ను దారిలో ఆపి అడిగేవాళ్లు. ఆ నాలుగు రోజులు నేను కూడా ఊళ్లో పెద్దమనిషిని.

దింపు బిడ్డా అన్న రోజు సంగతే వేరు. పశువుల కొమ్ములకు ఎర్రమట్టి జాజు పూసి, మెడలకు గంటలు కట్టేవాళ్లు. గుట్ట మీది నుంచి మంద దిగేటప్పుడు అన్నింటికంటే ముందు నడిచేది చిన్నవ్వ. చెప్పులు లేకుండా, చేతిలో వేపమండ పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా దిగేది. తెల్లారి లేచి ఎవరికీ ఎదురు రాకూడని మనిషి, ఆ ఒక్క రోజు ఊరందరి పశువులకు ముందు. ఎదురుగా ఇండ్ల ముందర ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకుని నిలబడి, మొదట ఆమె కాళ్ల మీద పోసి, తరువాత పశువుల కాళ్ల మీద పోసేవాళ్లు. ఇది ఎప్పటినుంచి ఉందో, ఎవరు పెట్టారో తెలియదు. ఆమెకు ముందు ఆమె అత్త నడిచేదట, ఆమె కూడా మొగుడు పోయినదే. ఆ రోజు చిన్నవ్వ మొఖం నేను దగ్గరగా చూశాను. నవ్వేది కాదు. నవ్వితే అది కూడా ఎవరైనా తీసేసుకుంటారేమోనన్నట్టు పెదవులు బిగబట్టుకుని నడిచేది.

ఆ రోజుల్లోనే మా వాగుకు ఎగువన కంపెనీ ఒకటి వచ్చింది. మందులు చేస్తారని చెప్పుకునేవాళ్లు. మందుల కంపెనీ అంటే ఊరికి మంచిదే అనుకున్నాం, దవాఖానా పక్కనే ఉన్నట్టు. రాత్రి పూట దాని దీపాలు చూసి పిల్లలం సంబరపడేవాళ్లం. ఒక ఏడాది గడిచేసరికి వాగు నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. మాడిన వంకాయకు మట్టినూనె పోసినట్టు ఒక వాసన వచ్చేది. అమ్మ బట్టలు ఉతకడానికి బావి దగ్గరికి మారింది. వాన పడితే కొట్టుకుపోతుందిలే అని మగవాళ్లు అనుకున్నారు. నిజంగానే పెద్ద వానలకు నీళ్లు తేటపడేవి, వాసన తగ్గేది. ఆ వాగు నీళ్లే చెరువులోకి చేరేవి. పశువులు గుట్ట మీద ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లతో వాటికి పని పడలేదు.

ఆ ఏడు వానలు తొందరగా వెనకపట్టాయి. గుట్ట మీద కుంట అడుగంటింది, పశువులు బురద నాకుతున్నాయని వంతుకు పోయినవాళ్లు వచ్చి చెప్పారు. మరోవైపు చెరువు మళ్లీ కంపు కొట్టడం మొదలుపెట్టింది. ఒక పొద్దున చిన్నవ్వ చెరువు వెనక నుంచి తిరిగి వచ్చి, పిట్ట వచ్చింది, ఉరుకుతున్నది, దింపుకో అని చెప్పింది. ఎప్పుడూ ఆ మాట వినగానే బయలుదేరే నాయిన ఆ రోజు కదలలేదు.

“నీళ్లు జెర కంపు గొడ్తున్నయ్ చిన్నమ్మా. పర్వలేదంటవా?” అన్నాడు.

చిన్నవ్వ ఆలోచించింది. తొందరపడి చెప్పలేదు, అది నేను చూశాను.

“పిట్ట గా నీళ్లల్లనే ముక్కు పెడ్తున్నది గద బిడ్డా. గంత చిన్న పానానికి కానిది గొడ్డుకేమైతది?”

నాయినకు అది సబబుగానే తోచింది. నాకూ తోచింది. ఊళ్లో ఎవరిని అడిగినా సబబే అనేవాళ్లు. ఎన్ని తరాలుగానో ఆ పిట్టను చూసి నడిచినవాళ్లం, అది వాలిన చోటును అనుమానించడం మాకు తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పిట్ట బురద మీది పురుగులు ఏరుకుంటోంది, పశువులా కడుపు నిండా నీళ్లు తాగడం లేదు. ఆ తేడా అప్పుడు ఎవరికీ తట్టలేదు. మర్నాడు కొమ్ములకు జాజు పూసి, గంటలు కట్టి, మందను దింపారు. చిన్నవ్వ ముందు నడిచింది. దప్పికతో ఉన్న పశువులు ఇండ్ల ముందర ఆగకుండా నేరుగా చెరువుకు ఉరికాయి.

ఆ తరువాతి రోజులు తలచుకోవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. మొదట పడింది మా ఎర్రావు. నోటి నుంచి నురగ, కడుపు ఉబ్బరం, కాళ్లు కొట్టుకోవడం. తరువాత వరుసగా పడ్డాయి, ఇంటింటా పడ్డాయి. సంగారెడ్డి నుంచి పశువుల డాక్టరు స్కూటర్ మీద వచ్చి చూసి, చెరువు వైపు ముఖం పెట్టి గాలి పీల్చి, ఈ నీళ్లు తాపొద్దని చెప్పి, ఏదో రాసుకుని పోయాడు. అప్పటికి తాగవలసినవన్నీ తాగాయి. కంపెనీ గేటు దగ్గరికి పోయినవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఊరి బయట గుంతలు తవ్వడానికి మనుషులు చాలలేదు. ఎగువింటి మాణెమ్మకు కాడెద్దులు రెండూ ఒకే రోజు పోయాయి. ఆమె మా వాకిట్లోకి వచ్చి, చచ్చిన ఆవు పక్కన కూర్చుని ఉన్న నాయినతో, అందరూ వినేట్టు ఒకే మాట అన్నది.

“ముందల నడిసినామె ఎవలు? గది సూసుకోండ్రి.”

మాణెమ్మ చెడ్డది కాదు. ఏడ్చి ఏడ్చి ఉంది, ఎవరినో ఒకరిని అనాలి. కంపెనీని అంటే దానికి చెవులు లేవు. కానీ ఆ మాటతో వాకిట్లో ఉన్నవాళ్లంతా కొట్టం వైపు చూశారు. చిన్నవ్వ అక్కడ గడ్డి మోపు పట్టుకుని నిలబడి ఉంది. పిట్ట గురించి అంటే, నీళ్ల గురించి అంటే ఆమె జవాబు చెప్పుకునేదేమో. మొగుడు పోయినదానివని అంటే ఏం చెబుతుంది? మోపు కింద పెట్టి కొట్టం వెనక్కి పోయింది. నాయిన తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదని నేను ఆయన మీద చాలా ఏళ్లు కోపం పెట్టుకున్నాను. అమ్మ ఒక్కతే, ఆ రాత్రి, చిన్నవ్వ తినకముందు తాను తినలేదు.

మిగిలిన నాలుగైదు పశువులు సంతకు పోయాయి. చేలు ఉన్నాయి కానీ దున్నడానికి ఎడ్లు లేవు, పారించడానికి నీళ్లు లేవు. ఊళ్లో మగవాళ్లు ఒక్కొక్కరే అదే కంపెనీ బస్సు ఎక్కారు. నాయిన కూడా ఎక్కాడు, బాయిలర్ దగ్గర పని. పేడ వాసన వచ్చే మనిషి ఇప్పుడు ఇంకో వాసనతో ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఆయన బట్టలు మా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టేది. చిన్నవ్వ పెత్రమాస తరువాత చెరువు వెనక్కి పోవడం మానేసింది. కంచె మీద సద్ది మోసే పని లేదు, కొట్టంలో ఊడ్చే పని లేదు. ఆమె కొట్టం గుంజకు ఆనుకుని కూర్చునేది. ఉప్పు గురించి కూడా ఏమీ అనేది కాదు. అమ్మ ఒకసారి కావాలనే ఉప్పు వేయకుండా వండింది. చిన్నవ్వ మాట్లాడకుండా తినేసింది, అమ్మ లోపలికి పోయి ఏడ్చింది.

ఇప్పుడు ఆ గుట్ట సగం లేదు. సగాన్ని కంకర మిషన్లు తిన్నాయి, మిగిలిన సగానికి గేటు పెట్టి వెంచర్ అని బోర్డు కట్టారు. మా అమీన్‌పూర్ చెరువుకు చలికాలం బాతులు ఇంకా వస్తాయి. ఆదివారం పూట పిల్లలు పొడుగాటి కెమెరాలు వేసుకుని వచ్చి చూసి పోతారు, సంతోషమే. మా సెల్లార్‌లో కార్లు కడిగిన నీళ్లు నిలిచిన చోట కూడా ప్రతి ఏడాదీ తెల్ల మొఖం పిట్ట ఉరుకుతుంది. నేను లిఫ్టులో దిగి చూసి, మళ్లీ లిఫ్టులో ఎక్కి వస్తాను. ఆ మాట అడిగేవాళ్లు లేరు, అడిగినా దింపడానికి ఏమీ లేదు. అట్లాగని ఆ రోజులు బంగారమని నేను అనలేను. ఆ రోజుల్లోనే కదా ఒక మనిషి కుండ అడుగు తిని బతికింది. ఈ రోజులు మారాయనీ అనలేను. మొన్న యాత్ర బస్సుకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు, నాతో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన మా టీచరమ్మే, మేడమ్ మీరు జెర పక్కకు ఉండండి అన్నది, చాలా మర్యాదగా. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. నేను పక్కకు జరిగాను. బడిలో ఎన్నో పాఠాలు చెప్పినదాన్ని, ఎందుకు జరిగానో నాకే తెలియదు. బహుశా ఓపిక లేక. ఆ పచ్చికలో కుర్చీలో కూలబడినప్పుడు నా ఒంట్లో ఉన్న అలసట ఒక్క మోకాళ్లది కాదు.

అందుకే, చిన్నవ్వ గురించి రాయడం మొదలుపెట్టాక, ఆమెను ఆ గుంజ దగ్గర అట్లా వదిలేయలేను. పశువులు పోయిన మరుసటి ఏడు, పెత్రమాస దాటాక ఒక పొద్దున. నాయిన మొదటి షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. ఆయన అడుగుల చప్పుడు విని చిన్నవ్వ ఎప్పటిలాగే లేచి కొట్టం వెనక్కి పోబోయింది. నాయిన గబగబా నడిచి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. డబ్బా కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు. గడపలో ఉన్న అమ్మా నేనూ ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

“చిన్నమ్మా, దింపాల్నా?” అన్నాడు.

కొట్టం ఖాళీగా ఉంది. గుట్ట మీద ఒక్క పశువు లేదు. ఆమె ఆయన మొఖంలోకి చూసింది, ఎగతాళి కాదు కదా అన్నట్టు. ఆయన కళ్లు తిప్పుకోలేదు. అప్పుడు ఆమె వాకిట్లోకి చూసింది. గిన్నెలు కడిగే జాలారి నుంచి నీళ్లు పారిన తడిలో తెల్ల మొఖం పిట్ట ఒకటి ఉరుకుతోంది, ఆగి తోక ఊపుతోంది, మళ్లీ ఉరుకుతోంది. అది మా అందరికీ కనబడుతూనే ఉంది. చిన్నవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

“ఇంకా రాలే బిడ్డా,” అన్నది.

నాయిన కూడా పిట్టను చూశాడు. తల ఊపాడు.

“సరే చిన్నమ్మా. వచ్చిననాడు చెప్పు.”

చెప్పులు తొడుక్కుని, డబ్బా తీసుకుని, ఆమె ఎదుటి నుంచే నడిచి కంపెనీ బస్సుకు పోయాడు. ఆ తరువాత ప్రతి ఏడూ పెత్రమాస దాటాక ఆయన అడిగాడు. ప్రతి ఏడూ ఆమె ఇంకా రాలేదనే చెప్పింది. ఆమె పోయేదాకా మా మంద గుట్ట దిగలేదు.